దేవుని బియ్యం అడుగున నా నోటుబుక్కు

మా వంటింట్లో రెండు బియ్యం డబ్బాలున్నాయి. పెద్దది మాది, చిన్నది దేవునిది. పొద్దునా సాయంత్రమూ ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ చిన్న డబ్బాలో వేస్తాం. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ చేసే పనే ఇది. నెలలో మొదటి శనివారం స్త్రీల సమాజం అక్కలు ఇద్దరు సంచి పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోయించుకుంటారు. చర్చి వరండాలో కూర్చుని కొలిచి, ఏ ఆధారమూ లేని ముసలివాళ్లకు పంచుతారు. మా అత్తమ్మ వాళ్ల అత్త కాలం నుంచీ ఈ ఇంట్లో ఆ పిడికెడు ఒక్క పూట ఆగలేదట. గంజి కాచుకున్న రోజున కూడా గంజిలో పోసే గింజల్లోంచే తీశారట.

ఆ డబ్బాలో వేయడమే కానీ మళ్లీ చెయ్యి పెట్టి తీయడం ఉండదు. బియ్యం అయిపోతే పక్కింటికి పోతాం, దుకాణానికి పోతాం. దేవుని డబ్బా వైపు మాత్రం చూడం. ఇంట్లో వేరే ఎవరి చెయ్యీ పడని చోటు అదొక్కటే.

అందుకే నా నోటుబుక్కును అక్కడ దాచాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బియ్యం అడుగున. అది పాపమని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

నేను బడికి పోలేదు. హుస్నాబాద్ అవతల మా పల్లె. చిన్నప్పుడు నాకు దమ్ము వచ్చేది, నాలుగడుగులు వేస్తే రొమ్ము పిల్లనగ్రోవిలా ఈల వేసేది. బడికి పోవాలంటే వాగు దాటాలి. మా బాపు రెండు రోజులు ఎత్తుకుపోయి మూడో రోజు, "ఇగ నాతోని కాదు, ఇంట్లనే చెప్పుకోండ్రి" అన్నాడు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, మిషన్ హాస్టల్లో నాలుగో తరగతి దాకా చదివింది. పలకా బలపమూ కొనకుండానే చదువు మొదలుపెట్టింది. చాటలో బియ్యం పలచగా పరిచి, రాళ్లు ఏరడం అయ్యాక, వేలితో ఒక అక్షరం రాసేది. నా చేత రాయించేది. తర్వాత చాట ఒక్కసారి ఎగరేసేది. అక్షరం పోయేది.

"అవ్వా, పోయిందే!" అని ఏడ్చేదాన్ని.

"ఏడ పోతదే పిచ్చిదానా? నీ వేలికి వచ్చింది గద. మల్ల రాయి."

అట్లా ఒక ఏడాదిలో చదవడం వచ్చింది. ఆదివారం చర్చిలో చదివే పెద్ద పుస్తకమే మా వాచకం. ఇంకో అలవాటు కూడా మా అవ్వ నేర్పిందే. సాయంత్రం బువ్వ పెట్టే ముందు ఆ రోజు జరిగిన మంచి ముచ్చట్లు మూడు చెప్పాలి. చెప్తేనే కంచం. "కోడి గుడ్డు పెట్టింది" అని చెప్పినా చెల్లుతుంది. ఏమీ తోచని రోజు "దమ్ము రాలే" అనేదాన్ని. దమ్ము వచ్చిన రోజు "దమ్ము వచ్చి పోయింది" అనేదాన్ని. ఆ అలవాటు నా ఒంట్లోకి దిగిపోయింది. ఇప్పటికీ కుళాయి నీళ్లు చెప్పిన వేళకు వస్తే పైకి చూసి దండం పెడతాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నన్ను కృతజ్ఞత లేనిదన్నారు కాబట్టి.

పెళ్లయి బెల్లంపల్లి వచ్చాను. మామయ్య బొగ్గు బావిలో పనిచేసి కాలం చేశారు. బావులు ఒక్కొక్కటే మూతపడి, మా గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మిగిలిన ఇళ్లలో మాదొకటి. అత్తమ్మ, మా ఆయన, నేను. మా ఆయన కాంట్రాక్టు మీద బొగ్గు లారీలు నడుపుతాడు.

ఐదేళ్ల కింద నాకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. కరీంనగర్ తీసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది. కిలో మీద కొంచెం. గాజు పెట్టెలో పెట్టారు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. నేను పాలు పిండి ఇస్తే గొట్టంతో పట్టేవాళ్లు. ఎన్ని గంటలకు, ఎంత అని తల్లులమే ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం వెనుక ఖాళీ ఉండేది. అక్కడ నేను వేరేవి రాసుకున్నాను. ఆవలించింది. ఎక్కిళ్లు వచ్చాయి. కుడి చెవి మడతపడి ఉంది, వాడిన తమలపాకులా.

తొమ్మిది రోజులు బతికింది.

ఫొటో లేదు. ఆ వార్డులోకి ఫోన్లు రానివ్వరు. పేరు లేదు. మాలో బిడ్డ ఇంటికి వచ్చాక చర్చిలో పేరు పెడతారు. నేను రాసుకున్న కాగితం ఆసుపత్రి ఫైల్లో పోయింది. తిరిగి వచ్చే రోజు, బస్టాండు దగ్గర పిల్లల పుస్తకాల దుకాణంలో లావుపాటి నోటుబుక్కు ఒకటి కొనిపించుకున్నాను. వెనుక అట్ట మీద ఎక్కాలుండేవి. కరీంనగర్ నుంచి ఇంటి దాకా బస్సు కుదుపుల్లో ఆ తొమ్మిది రోజులూ గుర్తున్నంత వరకు రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి. పక్క సీటులో మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏం రాస్తున్నావని అడగలేదు. అడగనందుకు ఆ రోజు సంతోషించాను.

మూడు వారాలకు సమాజం కూటంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే, లేచి నిలబడి దేవుడు మన బతుకులో చేసిన మేలు అందరి ముందు చెప్పడం. అక్కలు నాకు చెడు చేయాలని అడగలేదు. ఆ నోటి మాటతో నా మనసు తేలికపడుతుందని నిజంగానే నమ్మారు. నేను లేచాను. "దేవునికి స్తోత్రం, అంతా మంచికే" అని చెప్పి కూర్చున్నాను. "ఆమేన్" అన్నారు. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నోటుబుక్కు మళ్లీ తెరిచాను. ఆ రోజు రాసింది ఇప్పటికీ ఆ పేజీలో ఇట్లా ఉంది: "దేవా, ఇవ్వాళ్టి నుంచి నీతో మాట్లాడను. పిడికెడు మాత్రం వేశాను. అది ముసలమ్మలకు. నీకు కాదు."

మాట్లాడనని రాసి, ఆ కింద పేజీన్నర మాట్లాడాను.

ఆ తర్వాత అదే పద్ధతి అయింది. పొద్దున మా ఆయన పనికి పోయాక, అత్తమ్మ వాకిట్లో కూర్చున్నాక, పిడికెడు వేసే నెపంతో డబ్బా మూత తీసి, బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పుస్తకం తీసేదాన్ని. పది వాక్యాలో, రెండు వాక్యాలో. మళ్లీ అడుగున పెట్టేదాన్ని. సంచి వచ్చే శనివారం మాత్రం ముందుగానే తీసి కొంగులో దాచుకునేదాన్ని.

రాస్తే బాధ పోతుందా అని ఈ మధ్య ఒకరిద్దరు నన్ను అడుగుతున్నారు. పోదు. పోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ ఖాళీ తిరగలి తిప్పి చూశారా ఎప్పుడైనా? రాయి రాయినే అరగదీసుకుంటుంది, చప్పుడు ఇల్లంతా వినబడుతుంది, పిండి మాత్రం రాదు. రాయకముందు నా తల అట్లా తిరిగేది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఎవరికి వడ్డిస్తున్నానో మరిచిపోయేదాన్ని. రాయడం మొదలుపెట్టాక తిరగలి ఆగలేదు, దానిలో గింజ పడింది. అంతే తేడా. అది చిన్న తేడా కాదు.

ఇంకొకటి. రాసింది మళ్లీ చదివితే నా తప్పు నాకే కనబడేది. అత్తమ్మ మీద ఒక పేజీ నిండా రాసుకున్నాను, బిడ్డ కోసం కుట్టించిన జుబ్బాలు నన్నడగకుండా ఎవరికో ఇచ్చేసిందని. ఆరు నెలల తర్వాత ఆ పేజీ చదివితే, దాని ముందు పేజీలో నా చేతిరాతే ఉంది: "మూడు రోజుల నుంచి జుబ్బాలు మొహం మీద పెట్టుకొని పడుకుంటున్నాను. లేవబుద్ధి కావడం లేదు." ఆ పేజీకి, ఈ పేజీకి మధ్య ఒక ముసలామె ఏం చూసి ఏం చేసిందో అప్పుడర్థమయింది. ఆ రోజు ఆమెకు ఇష్టమని చింతచిగురు పప్పు చేశాను. ఎందుకు చేశానో చెప్పలేదు.

మేళ్లు కూడా వాటంతట అవే వచ్చి పడేవి. మా అవ్వ కంచం పట్టుకొని అడిగినట్టు ఎవరూ అడగకుండానే. ఆసుపత్రి గుడ్డ గరుకుగా ఉందని, తన పాత నూలు చీర చింపి బిడ్డను చుట్టి ఇచ్చిన వార్డు ఆయా. గుంతల దగ్గర మెల్లగా పోనిచ్చిన ఆటో అతను. ముందు కోపం రాస్తే తప్ప అవి పైకి తేలేవి కావు. కుండలో అడుగంటింది గీకితేనే కదా అడుగు కనబడేది.

పోయినేడు మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. నేను హుస్నాబాద్ పోయి నాలుగు రోజులున్నాను. నెల మొదటి శనివారం ఆ నాలుగు రోజుల్లోనే పడిందన్న సంగతి నాకు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి వంటింటి అరుగు మీద దేవుని డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"అత్తమ్మా, ఈ డబ్బా?"

"ఆఁ, అక్కలు వచ్చిండ్రు. నువ్వు లేవని ఆపుతనా? నేనే ఎత్తి సంచిల కుమ్మరించిన. గింత బరువున్నదేందే ఈ నెల?" అత్తమ్మ మొహం వెలిగిపోతోంది. "డబ్బాకు తుప్పు పడ్తున్నదని సబ్బు పెట్టి తోమిన సుత."

అరుగు పట్టుకొని కూర్చున్నాను. పుస్తకం సంచిలోకి, సంచి చర్చి వరండాలోకి, అక్కడ కొలిచే ఆడవాళ్లందరి చేతుల్లోకి. నా బిడ్డ ఈ భూమ్మీద ఉన్నదనడానికి ఉన్న ఒక్క గుర్తు ఆ పుస్తకం.

మర్నాడు పొద్దున్నే సమాజం పెద్దక్క ఇంటికి పోయాను. ఆమె వయసు మా అవ్వ అంత ఉంటుంది కానీ సంఘమంతా పెద్దక్క అనే పిలుస్తుంది. నేను కరీంనగర్ నుంచి వచ్చిన కొత్తలో తొమ్మిది పూటలు మా ఇంటికి కారం లేని చారు కాచి పంపిన మనిషి. అది మరిచిపోతే నాకు పుట్టగతులుండవు. నన్ను చూడగానే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రా బిడ్డా, కూసో. చాయ తాగుతవా?"

"చాయ వద్దక్కా. నా బుక్కు ఇయ్యిండ్రి."

"అంటే నీదేనన్నమాట. ఒప్పుకున్నవ్, మంచిది."

"దొంగతనం చేసిన్నా అక్కా, ఒప్పుకోనీకి? ఎంతమంది చదివిండ్రు?"

"కొలిచెటప్పుడు ఆరుగురం ఉంటిమి. కవర్ల సుట్టి ఉన్నది, పురుగులు పట్టకుంట ఏదన్న మందు పెట్టిండ్రేమో అని ఇప్పినం. పేరు లేకపాయె. ఎవలదో ఎర్క కావాలె గద?"

"ఎర్క కానీకి ఎన్ని పేజీలు పట్టింది?"

ఆమె ఒళ్లోని కళ్లద్దాలు తుడిచింది. "నా పప్పు కాడి దాక పట్టింది."

ఎప్పుడో ఒక పేజీలో రాశాను: "పెద్దక్క ప్రార్థన మొదలుపెట్టినప్పుడు పొయ్యి మీద పప్పు వేస్తే, ఆమేన్ అనేసరికి మాడిపోతుంది."

"నవ్విండ్రా అందరు?" అన్నాను.

"నవ్వరా మరి? నా ముంగటనే నవ్విండ్రు." పెద్దక్క కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నా ముచ్చట ఇడిసిపెట్టు. నేను మనిషిని, పడ్త. దేవునితోని మాట్లాడ అని రాస్తవా, కృతజ్ఞత లేకుంట? అదీ దేవుని బియ్యంల పెడ్తవా? సంఘంల కొత్త కోడండ్లున్నరు. నిన్ను చూసి వాళ్లు సుత మొదలుపెడ్తే? మొర్ర పెట్టెటోళ్లకు మనసు నిమ్మళం ఎట్లయితది, చెప్పు? మేలు తలుసుకుంటె అయితది గాని."

"మనం ఆదివారం పాడే పాటల్ల సగం మొర్రలే గదక్కా."

"అవి భక్తులు పాడినయే. నువ్వు పాడినవా?"

ఇక ఆమె తీర్పు చెప్పింది. వచ్చే శనివారం కూటంలో అందరి ముందూ పుస్తకం నా చేతికే ఇస్తుంది. నేను తప్పయిందని చెప్పి, చాయ పెట్టే బొగ్గు పొయ్యిలో నా చేత్తోనే వేయాలి. దాంతో నా మనసు బరువు కూడా బూడిదవుతుంది. ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తరు.

"వెయ్యకుంటే?"

"వెయ్యకుంటే మీ ఇంట్ల పిడికెడు తీసుకోం బిడ్డా. సంచి మీ వాకిట్ల ఆగది."

ఆ మాట మా అత్తమ్మకు చేరేసరికి ఇల్లు దద్దరిల్లింది. ఏం రాశావని కాదు ఆమె గొడవ. "మా అత్త కాలం నుంచి ఒక్క నెల ఆగలే. మీ మామ బావిల కాలు ఇరగ్గొట్టుకొని పండినప్పుడు సుత ఆగలే. నీ బుక్కుతోని ఆగుతదా? రేపు సంచి మన వాకిలి దాటిపోతుంటె గల్లీల నేను తలెట్ల ఎత్తాలె?"

మా ఆయన కంచం ముందు కూర్చుని అటూ ఇటూ చూశాడు. గొడవంటే అతనికి భయం. "జర ఇను," అన్నాడు నాతో. "కాలబెట్టు. తప్పయింది అను. రెండు నిమిషాల పని. మల్ల కొత్తది కొనుక్కొని రాసుకో, నేనే తెస్త. అంత ఏమున్నది దాంట్ల?"

"నీ బిడ్డ ఉన్నది," అన్నాను.

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ నాలుగేళ్లలో మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతను లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. సగం అన్నం అట్లాగే ఉంది.

ఆ వారమంతా నేను పిడికెడు వేస్తూనే ఉన్నాను. తీసుకుంటారో లేదో తెలియని బియ్యం. ప్రార్థన కూడా చేశాను. క్షమించమని అడగలేదు. నా చెయ్యి వణకకుండా చూడు, అదొక్కటే అడిగాను. శనివారం చీర కట్టుకొని సంచి భుజానికి తగిలించుకుంటే లోపల ఏదో గుచ్చుకుంది. చూస్తే, ఎప్పుడూ మా ఆయన చొక్కా జేబులో ఉండే పెన్ను.

కూటంలో ఇరవై మంది దాకా ఉన్నారు. అత్తమ్మ కూడా వచ్చింది, గోడకానుకొని దూరంగా కూర్చుంది. వరండా చివర బొగ్గు పొయ్యి రాజుకుంటోంది, దాని మీద ఇంకా గిన్నె పెట్టలేదు. పాట అయింది. పెద్దక్క ప్రార్థన, ఆ రోజు విచిత్రంగా, చాలా పొట్టిగా ముగిసింది. పుస్తకం నా చేతికిచ్చింది. కవరు లేదు. అట్ట మీద బియ్యపు తవుడు.

"చెప్పు బిడ్డా."

నేను నిలబడ్డాను. పొయ్యి వైపు కాదు, వాళ్ల వైపు తిరిగాను.

"నాలుగేండ్ల కింద ఇక్కడనే నిలబడి సాక్ష్యం చెప్పిన. అది అబద్ధం. ఇవ్వాళ నిజం చెప్త," అన్నాను. పుస్తకం మొదటి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాను.

మొదటి రోజు, తల నిండా జుట్టు. రెండో రోజు, కళ్లు తెరిచి లైటు వైపు చూసింది. మూడో రోజు, రెండు చుక్కల పాలు ఎక్కువ తాగింది. "ఆమెను ఆపుండ్రి" అని ఎవరో మెల్లగా అన్నారు, ఎవరూ ఆపలేదు. నా చెయ్యి వణకలేదు. నాలుగో రోజు చదివాను. "ఆ రోజు అత్తమ్మను లోపలికి రానిచ్చారు. చేతులు రుద్ది రుద్ది వెచ్చ చేసుకుని వేలు లోపల పెట్టింది. బిడ్డ కుడి చేత్తో ఆ వేలు పట్టుకుంది."

"కుడి చెయ్యి కాదు."

అందరూ వెనక్కి తిరిగారు. అత్తమ్మ గోడ దగ్గర లేచి నిలబడింది.

"ఎడమ చెయ్యి. కుడి చేతికి సూది ఉండె, పట్టీ ఏసిండ్రు. నా వేలు పట్టుకున్నది ఎడమ చేతితోని. గట్టిగ పట్టుకున్నది. ఇడిపిచ్చుకోనీకి నాకు మనసు రాలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తప్పు రాసినవ్. దిద్దు."

"ఇంటికి పోయినంక దిద్దుత అత్తమ్మా."

"ఇప్పుడే దిద్దు. పెన్ను లేదా?"

పెన్ను ఉంది. అందరి ముందూ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని "కుడి" కొట్టేసి "ఎడమ" అని రాశాను. అత్తమ్మకు చదువు రాదు. అయినా దగ్గరికి వచ్చి వంగి చూసింది. నేను దిద్దానని నమ్మకం కుదిరాక పెద్దక్క వైపు తిరిగింది.

"తప్పుంటే దిద్దుతరు పెద్దక్కా. కాలబెడ్తరా?"

నేను మిగిలిన ఐదు రోజులూ చదివాను. తొమ్మిదో రోజు దగ్గర ఆగి, నీళ్లు తాగి, చదివాను. తర్వాత చెప్పాను: "ఈ బుక్కు నేను కాలబెట్ట. తప్పయిందని అన. దేవుని మీద కోపం వచ్చింది, దేవునికే చెప్పుకున్న, ఆయన బియ్యంలనే పెట్టిన. వేరేవాళ్ల ఇంట్ల పెట్టలే. ఇంక ముందు సుత రాస్త. గాని పెద్దక్కా, ఆ పప్పు మాటకు మాత్రం నన్ను క్షమించు. నీ చారు తాగి బతికినదాన్ని, ఆ మాట రాయొద్దుండె."

ఎవరో ఒక కొత్త కోడలు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దక్క నవ్వలేదు. "చాయ పెట్టుండ్రి, బొగ్గులు ఆరిపోతున్నయి," అని మాత్రం అంది. పొయ్యి మీద గిన్నె ఎక్కింది. నా పుస్తకం నా సంచిలోకి పోయింది. సంచి మా వాకిట్లో ఆగుతుందో లేదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో కొత్త పని మొదలయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తమ్మ తమలపాకు నములుతూ నా ముందు కూర్చునేది.

"రాయి."

"ఏం రాయాలె?"

"దేవా, ఆ పెద్దక్కకు జర నోరు తగ్గియ్యి. గది రాయి."

"అత్తమ్మా!"

"నువ్వు రాస్తే భక్తి, నేను చెప్తే తప్పా? రాయి."

రాశాను. తర్వాత వాకిట్లోకి చూస్తూ, వేళ కాని వేళ బావి సైరన్ మోగినప్పటి సంగతి మొదలుపెట్టింది. అట్లా మోగితే లోపల ప్రమాదమని గల్లీ ఆడవాళ్లంతా చేతి పిండితో, తడి జుట్టుతో బావి దిక్కు ఉరికేవారట. అక్కడ నిలబడి, పైకి వచ్చే ఒక్కొక్క నల్ల మొహంలో తమవాడిని వెతుక్కునేవారట. "ఇరవై ఏండ్లు భయపడ్డనే. మీ మామ మంచిగనే వచ్చెటోడు. వచ్చినంక భయపడ్డ అని చెప్తే నవ్వుతడని చెప్పకపోయేది. ఎవలకు చెప్పలే. రాయి. అన్ని రాయి." ఆమె భయం నా చేతిరాతలో పదమూడు పేజీలయింది. చివరికి ఏం రాయమంటారని అడిగితే, "ఆయన ప్రతిసారి వచ్చిండు. దేవునికి స్తోత్రం," అంది. ఆ స్తోత్రం పదమూడు పేజీలు నడిచి వచ్చింది. దాన్ని నేను నమ్మాను.

మా ఆయన పుస్తకం చదివాడో లేదో నాకు తెలియదు. దాన్నిప్పుడు దాచడం లేదు. దేవుని డబ్బా మూత మీదనే పెడుతున్నాను. ఒకరోజు తొమ్మిదో రోజు పేజీలో బొగ్గు వేలిముద్ర కనబడింది. తుడవలేదు.

నెల మొదటి శనివారం వచ్చింది. అత్తమ్మ తెల్లవారి నుంచే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, గడపలో కూర్చుంది. పదింటికి గల్లీ మొదట్లో సంచి కనబడింది. మామూలుగా వచ్చే ఇద్దరిలో ఒకరే ఉన్నారు. రెండో మనిషి పెద్దక్క. ఆమె మోకాళ్ల నొప్పితో ఇళ్లకు తిరగడం మానేసి చాలా ఏళ్లయింది.

పక్కింట్లో పోయించుకున్నారు. మా వాకిలి ముందుకు వచ్చారు. అత్తమ్మ రెండు చేతులతో గడప పట్టుకుంది.

పెద్దక్క ఆగింది.

"తేవే పిల్లా. ఎండ అయితున్నది."

డబ్బా తెచ్చాను. మూత మీద పుస్తకం అట్లాగే ఉంది. ఆమె దాన్ని చూసింది. "అది పక్కకు పెట్టి పొయ్యి," అంది.

"పక్కకు ఏడ పెట్టాలె, అంతా తడి చేసిన," అంది అత్తమ్మ గడపలోంచి లేవకుండా. "నువ్వే జర పట్టుకో పెద్దక్కా."

నేను పుస్తకం చాపాను. నా చెయ్యి గాలిలో అట్లా కొంతసేపు ఉంది. పెద్దక్క సంచి అంచు వదిలి, రెండు చేతులతో దాన్ని అందుకుంది. నేను డబ్బా ఎత్తి బియ్యం పోశాను. నెలనాళ్ల పిడికిళ్లు, చివరి గింజ దాకా, డబ్బా అడుగు తట్టి మరీ పోశాను. తొందరపడలేదు.

పోయడం అయ్యాక చెయ్యి చాపాను. ఆమె అట్ట మీది తవుడును కొంగుతో తుడిచి, అప్పుడిచ్చింది.